నేల మీద నేర్పిన ఈత

బడిలో వ్యాయామం టీచరుగా చేరబోయే అమ్మాయిలు ఇప్పటికీ అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. గల్ఫ్‌లో జీతాలెలా ఉంటాయి, వీసా బడివాళ్లే చూసుకుంటారా, ఇల్లు ఇస్తారా అని అడుగుతారు. అవి చెప్పడానికి ఏజెంట్లున్నారు. ఏజెంట్లు చెప్పనిది ఒకటుంది, అదే రాస్తున్నాను. ఈ ఉద్యోగంలో మీ మెడలో ఒక విజిల్ వేస్తారు. పై అధికారి ఊదొద్దన్నప్పుడు కూడా ఊదాల్సిన రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు కోసం ఏ శిక్షణ కళాశాలలోనూ పాఠం చెప్పరు.

తొంభైల్లో మా ఆయన ఉద్యోగం మీద బహ్రెయిన్ వెళ్లి, మనామాలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో చేరాను. మనవాళ్ల పిల్లలు, పాకిస్తాన్ వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, బహ్రెయినీలు, కొద్దిమంది అమెరికన్లు చదివేవారు. ఆడపిల్లలకు ఆటలు, ఈత నేర్పడం నా పని. దానికితోడు 'యాక్టివిటీస్' అనే గంప కూడా నా నెత్తినే పెట్టారు. వక్తృత్వం, క్విజ్, నాట్యం, ప్రథమ చికిత్స, చదువు కానిదల్లా నాదే. పిల్లలు నన్ను పీటీ మేడం అనేవారు. మిగతా టీచర్లు నన్ను టీచరుగా లెక్కేసేవారు కాదు, పరీక్ష పేపరు లేని సబ్జెక్టు కదా మరి.

బ్యాడ్జీల జాతర

మా బడిలో ఏది నేర్చుకున్నా ఒక గుడ్డ బ్యాడ్జీ ఇచ్చేవాళ్లం. దాన్ని కోటు మీద కుట్టుకోవాలి. బయట ఎండ మాడు పగలగొడుతున్నా కోటు విప్పేవాళ్లు కాదు. విప్పితే బ్యాడ్జీలు కనబడవు.

పిల్లలకంటే తల్లిదండ్రులకు ఈ పిచ్చి ఎక్కువ. ఒక తండ్రి వచ్చి, "మా పాప కోటుకి ఎడంపక్క చోటైపోయింది మేడం, కుడిపక్క కుట్టించేయమంటారా?" అని అడిగాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. ఇంకొకావిడ జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న పిల్లను వక్తృత్వం పోటీకి పట్టుకొచ్చింది. "గెలవక్కర్లేదు లెండి, నిలబడితే చాలు కదా, బ్యాడ్జీ ఇస్తారు" అంది. ఆ పిల్ల నిలబడింది, రెండు మాటలు చెప్పి స్టేజీ మీదే కక్కుకుంది. బ్యాడ్జీ ఇచ్చాం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పిల్ల ఒక ఆటలో నాలుగేళ్లు ఉంటే ఓడిపోవడం నేర్చుకుంటుంది, పక్కవాళ్లతో సర్దుకోవడం నేర్చుకుంటుంది. ఏడాదికి నాలుగు ఆటలు మారిస్తే కుట్టుపని చేసే దర్జీకి తప్ప ఎవరికీ లాభం లేదు. ఈ మాట నేను మీటింగుల్లో చెప్పేదాన్ని. అందరూ తలూపేవారు. బయటికి వెళ్లగానే ఏ బ్యాడ్జీ తొందరగా వస్తుందని నన్నే అడిగేవారు.

మిస్ కార్వర్

ఆ రోజుల్లోనే మా బడికి మిస్ కార్వర్ అనే అమెరికన్ ఇంగ్లీషు టీచరు వచ్చింది. మంచి మనిషి. పాఠం బాగా చెప్పేది, పిల్లలంటే ప్రాణం పెట్టేది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత అందరూ ఆమెను రాక్షసిలా చెప్పుకున్నారు. కాదు.

ఆమె తన కాలేజీ రోజుల్లో సొరోరిటీలో ఉండేదట. అమెరికా కాలేజీల్లో అమ్మాయిలు తమలో తాము కట్టుకునే సంఘం అది. ఒక ఇంట్లో కలిసి ఉంటారు, ఒకరినొకరు అక్కాచెల్లెళ్లు అనుకుంటారు, చదువయ్యాక కూడా ఉద్యోగాలకూ పెళ్లిళ్లకూ ఆ వరస కలుపుకునే తిరుగుతారు. అడిగినవాళ్లందరినీ తీసుకోరు. చూసి, మాట్లాడి, ఏరుకుంటారు. పెద్ద తరగతుల తల్లిదండ్రుల మీటింగులో ఆమె ఈ సంగతి చెప్పగానే ముందు వరసలోంచి ప్రశ్న వచ్చింది, "మా అమ్మాయిని తీసుకోవాలంటే ఇప్పట్నుంచి ఏం చేయాలి?"

ఆవిడ నిజాయితీగానే చెప్పింది. హైస్కూల్లో ఏం చేశావని అడుగుతారు. ఎన్ని చేశావని కాదు, దేన్ని పట్టుకుని ఉన్నావని చూస్తారు. ఎవరికి ఉపయోగపడ్డావు, నలుగురితో ఒక ఇంట్లో మసలగలవా అని చూస్తారు. మనవాళ్లు మొదటి వాక్యం విని లేచి వచ్చేశారు.

ఆమె ఊరుకోలేదు. పిల్లలకు అలవాటు కావాలని పదకొండు, పన్నెండు తరగతుల అమ్మాయిలకు 'సిస్టర్స్ సర్కిల్' అని ఒకటి మొదలుపెట్టింది. పన్నెండో తరగతి వాళ్లు కింది తరగతి నుంచి కొందరిని ఎంచుకుంటారు. వాళ్లకు మణికట్టుకి తెల్ల రిబ్బను కడతారు. ఏడాదికొకసారి కొత్తవాళ్లను సముద్రంలోని ఇసుక తిన్నె మీదికి తీసుకెళ్లి అక్కడే రిబ్బను కట్టే వేడుక. సముద్రం అన్నారు కాబట్టి ఈత బ్యాడ్జీ ఉన్నవాళ్లనే తీసుకోవాలని నియమం పెట్టమన్నాను. మిస్ కార్వర్ వెంటనే ఒప్పుకుంది. పిల్లల ప్రాణం కోసం పెట్టిన నియమం అది.

మొదట్లో ఆమె ప్రతి పిల్లతోనూ కూర్చుని మాట్లాడేది. రెండో ఏటికి అడిగేవాళ్లు ఎక్కువైపోయి, ఎవరి కోటు మీద బ్యాడ్జీలు ఎక్కువుంటే వాళ్ల పేర్లు ముందు చూడడం మొదలైంది. మాట్లాడాలంటే ఓపిక కావాలి కదా. సర్కిల్ పిల్లలు మధ్యాహ్నం లైబ్రరీ మెట్ల మీద కూర్చుని తినేవారు. ఆ మెట్ల మీద ఇంకెవరూ కూర్చోకూడదని ఎవరూ చెప్పలేదు. ఎవరూ కూర్చునేవారు కాదు.

హరిత

హరిత అప్పుడు పదో తరగతి. వాళ్ల నాన్న సత్యనారాయణగారు ఓడల మరమ్మతు యార్డులో ఫోర్‌మన్. తూర్పు గోదావరి మనిషి. ఆయన కింద పనిచేసే మనవాళ్లంతా కంపెనీ ఇచ్చిన క్యాంపులో ఉండేవారు. ఆయన ఏళ్లు కష్టపడి ఫ్యామిలీ వీసా సంపాదించి, భార్యనూ కూతురినీ తెచ్చుకుని, ముహర్రక్‌లో చిన్న ఫ్లాట్‌లో ఉండేవాడు. బడిలో మిగతా తెలుగు పిల్లలు డాక్టర్ల పిల్లలు, బ్యాంకు మేనేజర్ల పిల్లలు. ఫోర్‌మన్ కూతుర్ని వాళ్లు ఏమీ అనేవారు కాదు. పుట్టినరోజులకు మాత్రం పిలిచేవారు కాదు.

ఆమె దేనిలోనూ మొదటిది కాదు, దేన్నీ మధ్యలో వదిలిపెట్టేది కూడా కాదు. నెట్‌బాల్ జట్టులో ఆడే వేగం లేదు. అయినా ప్రతి ప్రాక్టీసుకీ వచ్చేది, కాలు బెణికిన వాళ్లకు కట్టు కట్టేది, బంతులు ఏరి గదిలో సర్దేది. మధ్యాహ్నం నా స్పోర్ట్సు గదిలోనే డబ్బా తెరిచేది. వాళ్లమ్మ పెట్టిన గోంగూర వాసనకి నేనూ పక్కన చేరేదాన్ని.

ఒకరోజు తింటూ తింటూ అంది, "మేడం, ఈతొక్కటీ ఉంటే వచ్చే ఏడు నన్నూ సర్కిల్లోకి పిలుస్తారంటండి. వర్ష చెప్పింది." వర్ష అప్పటికే సర్కిల్లో ఉన్న పిల్ల, బ్యాంకు మేనేజరుగారి అమ్మాయి.

"పిలిస్తే ఏం చేస్తావే?" అన్నాను.

"ఏం చేస్తానండీ. ఆ మెట్ల మీద కూర్చుంటాను."

నవ్వాను. ఆమె నవ్వలేదు. అమెరికా కాదు ఆ పిల్లకు కావలసింది. మధ్యాహ్నం పూట పక్కన ఒక మనిషి.

మా బడికి సొంత స్విమ్మింగ్ పూల్ లేదు. ఒక క్లబ్బు పూల్ అద్దెకు తీసుకునేవాళ్లం. అక్కడ మగ కాపలాదార్లు, మగ మెంబర్లు తిరుగుతుండేవారు. సత్యనారాయణగారిని పిలిపించి మాట్లాడాను.

"ఆడపిల్ల ఆ బట్టలేసుకుని అంతమంది మగాళ్ల ముందు నీళ్లలోకి దిగడమేంటండీ? రేపు క్యాంపులో మా కుర్రాళ్లు నా మొహం మీదే ఏదోటంటారు. ఫోర్‌మన్‌గా నేనక్కడ తలెత్తుకు తిరగాలి కదండీ."

"చుడీదార్ వేసుకుని దిగనిస్తారేమో అడుగుతాను."

అడిగాను. క్లబ్బువాళ్లు కుదరదన్నారు, ఈత బట్టలు తప్ప వేరేవి వేసుకుని పూల్లోకి దిగకూడదని వాళ్ల రూలు. ఆ మాట చెబితే ఆయన, "బ్యాడ్జీ మాత్రం ఇప్పించెయ్యండి మేడం. పిల్ల ఇంట్లో ఏడుస్తోందండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన్ను పంపించేశాక ఆ పిల్ల మొహం గుర్తొచ్చి మంట చల్లారింది.

బల్ల మీద పాఠాలు

నేను చేసింది ఇది. వ్యాయామశాలలో పొడుగు బల్లలున్నాయి. హరితను బోర్లా పడుకోబెట్టి చేతులు ఎలా వేయాలో, కాళ్లు ఎలా ఆడించాలో, తల పక్కకి తిప్పి ఊపిరి ఎలా పీల్చాలో నేర్పడం మొదలుపెట్టాను. ఈత నేర్పేవాళ్లు మొదటి పాఠంగా ఇలా చేయిస్తారు, తప్పేమీ లేదు. నీళ్ల కోసం వేరే దారి వెతుకుతున్నాను. నర్సుల హాస్టల్లో ఆడవాళ్లకు మాత్రమే ఉన్న చిన్న పూల్ ఒకటి ఉందని తెలిసి, అక్కడి వార్డెన్‌తో మాట్లాడుతున్నాను.

"ఇది సగమేనే. మిగతా సగం నీళ్లలో ఉంది" అని ప్రతిసారీ చెప్పేదాన్ని.

"అలాగేనండి" అనేది, బల్ల మీద నుంచే. ఆ సగాన్ని ఎంత శ్రద్ధగా నేర్చుకుందో చెప్పలేను. చేతులు తప్పుపడేవి కావు. ఆమెను చూసి, ఇంట్లో ఇదే ఇబ్బంది ఉన్న పిల్లలు ఇంకో ఇద్దరు వచ్చి చేరారు. ఒక పాకిస్తానీ అమ్మాయి, ఒక బహ్రెయినీ అమ్మాయి. మూడు బల్లలు నిండాయి.

ఏ ఎండకా గొడుగు

మా ప్రిన్సిపాల్ మాథ్యూ సారుకి ఎవరినీ నొప్పించడం చేతకాదు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. అలాంటివాళ్ల కింద పనిచేయడం హాయిగా ఉంటుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంటుంది, కొత్తగా చేరేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. కోపిష్ఠి అధికారి మీ చేత తప్పు చేయిస్తే మీకు తెలుస్తుంది. మంచివాడు చేయిస్తే తెలియదు.

ఈత బ్యాడ్జీ పేరుతో కొందరు పిల్లల్ని సర్కిల్‌కి దూరం పెడుతున్నారని ఆయనకు ఫిర్యాదులు వెళ్లాయి. మా మతాన్నీ మర్యాదనూ శిక్షిస్తున్నారని ఒక తండ్రి అన్నాడట. అందులో నిజం లేకపోలేదు. ఆ వేడి మీద ఆయన వ్యాయామశాలకు వచ్చి, పిల్లలంతా బల్లల మీద చేతులు ఆడిస్తుంటే చూసి మురిసిపోయాడు.

"ఎంత బాగా చేస్తున్నారు! వీళ్లకూ బ్యాడ్జీ ఇచ్చేద్దాం."

"వీళ్లు ఇంకా నీళ్లు ముట్టుకోలేదు సార్."

"కదలికలన్నీ వచ్చేశాయి కదా. బ్యాడ్జీ ఇచ్చినంత మాత్రాన వెళ్లి సముద్రంలో దూకుతారా?"

"కనీసం వేరే రంగు బ్యాడ్జీ ఇవ్వండి."

"మళ్లీ తేడా చూపించినట్టే కదమ్మా. దాని గురించే కదా గొడవంతా."

వేసవి సెలవలకు ముందు, అసెంబ్లీలో ఆయనే తన చేత్తో ఇచ్చాడు. హరిత పేరు పిలిచినప్పుడు అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. సత్యనారాయణగారు యార్డులో డ్యూటీ మానుకుని వచ్చి వెనక వరసలో నిలబడ్డాడు. బ్యాడ్జీ వచ్చాక ఇక నర్సుల పూల్‌కి రమ్మంటే ఎవరొస్తారు? బల్లలు మళ్లీ ఖాళీ అయిపోయాయి.

మిస్ కార్వర్‌తో మాత్రం విడిగా చెప్పాను, ఫలానా ముగ్గురూ ఎప్పుడూ నీళ్లలోకి దిగలేదని. "నీళ్లు వెనక్కి పోయే పాటు సమయంలో ఆ తిన్నె దగ్గర చీలమండ లోతు కూడా ఉండదు, నేను చూసుకుంటాను" అంది. నమ్మాను. ఆమె కూడా తనని తాను నమ్మింది.

శుక్రవారం

మరుసటి వసంతంలో, పదకొండో తరగతిలో ఉండగా ఆ ముగ్గురికీ సర్కిల్ నుంచి పిలుపు వచ్చింది. హరిత ఆ వారమంతా నేల మీద నడవలేదు. శుక్రవారం సెలవు కాబట్టి ఆ మధ్యాహ్నమే వేడుక పెట్టుకున్నారు.

ఇప్పుడు అమ్వాజ్ అని దీవులు కట్టి అపార్టుమెంట్లు లేపిన చోట అప్పట్లో ఉత్త సముద్రమే. ముహర్రక్ ఒడ్డు నుంచి పాటు సమయంలో నీళ్లు దూరంగా వెళ్లిపోయేవి, మధ్యలో ఇసుక తిన్నె బయటపడేది. ఆ తిన్నెకూ ఒడ్డుకూ మధ్య ఒక పాయ ఉంది. వెళ్లేటప్పుడు అందులో చీలమండ లోతే. పోటు మొదలైతే ముందు నిండేది ఆ పాయే.

నేను అక్కడ లేను. తర్వాత వర్ష చెప్పింది రాస్తున్నాను. తిన్నె మీద గుండ్రంగా నిలబడి కొవ్వొత్తులు వెలిగించారు. గాలికి అవి ఆరిపోతుంటే మళ్లీ మళ్లీ వెలిగించారు. పాట పాడారు. ఒక్కొక్కరికీ రిబ్బను కట్టి కౌగిలించుకున్నారు. తిరిగి వచ్చేసరికి పాయ నిండిపోయింది. పెద్ద వెడల్పేమీ కాదు, ఈత వచ్చిన పిల్లకు కాసేపటి పని.

మిస్ కార్వర్ గట్టిగా అడిగిందట, "ఈత రాని వాళ్లు చేతులెత్తండి, నేను తీసుకెళతాను" అని. పాకిస్తానీ అమ్మాయి చెయ్యెత్తింది. బహ్రెయినీ అమ్మాయి చెయ్యెత్తింది. హరిత ఎత్తలేదు. అప్పుడే కట్టిన రిబ్బను ఉన్న చెయ్యి అది. ఎత్తితే అందరి ముందూ బ్యాడ్జీ అబద్ధమైపోతుంది. మిస్ కార్వర్‌కి నేను చెప్పిన ముగ్గురూ గుర్తున్నారో లేదో నాకు తెలియదు. భయంతో ఏడుస్తున్న పిల్లలు చేతిలో ఉన్నప్పుడు ఊరుకున్న పిల్లని ఎవరు చూస్తారు? ఆ ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని పట్టుకుని దాటించింది. మిగతావాళ్లు ఈదుకుంటూ వెళ్లారు. వాళ్ల వెనక హరిత దిగింది.

"చేతులు సరిగ్గానే వేసింది మేడం, తల కూడా పక్కకి తిప్పింది, నేను వెనక్కి చూశాను, ఈదుతోందనే అనుకున్నాను" అని వర్ష నా ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఈదుతోందనే అందరూ అనుకున్నారు. ఒడ్డెక్కి చూసుకుంటే ఒక పిల్ల తక్కువ.

సాయంత్రం బడి ప్యూన్ రాజన్న మా ఇంటికి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. తలుపు తీయగానే, "మేడం, ప్రిన్సిపాల్ సార్ జల్ది రమ్మంటుండు. మన హరిత పాప... నీళ్లల్ల పోయింది మేడం. తీసిన్రు, గని పానం లేదు" అన్నాడు.

తర్వాత

సముద్రం హఠాత్తుగా పొంగిందని బడివాళ్లు చెప్పారు. సముద్రం రోజూ వచ్చే వేళకే వచ్చింది. మిస్ కార్వర్ టర్మ్ పూర్తికాకుండానే దేశం వదిలి వెళ్లిపోయింది. ఈత మానేస్తున్నామని మాథ్యూ సారు నోటీసు పెట్టి, క్లబ్బు పూల్ అద్దె రద్దు చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా అర్థముంది, ఈయన ఉన్న ఆకులు కూడా పారేశాడు. దానిమీద ఆయనతో గట్టిగా పోట్లాడాను. నర్సుల హాస్టల్ పూల్ సంపాదించి, ఆడపిల్లలకు అక్కడ మళ్లీ మొదలుపెట్టేదాకా ఊరుకోలేదు. బ్యాడ్జీలు మాత్రం మళ్లీ ఇవ్వలేదు. పిల్ల పూల్ ఆ చివరికి వెళ్లి వస్తే, వచ్చిందని వాళ్లమ్మను పిలిచి గట్టు మీద నిలబెట్టి చూపించేదాన్ని.

తప్పెవరిదని ఇప్పటికీ అడుగుతారు. తిలాపాపం తలా పిడికెడు. ఎవరూ చెడ్డవాళ్లు కారు, అదే నాకు మింగుడుపడదు. ప్రాణం కాపాడడానికి పెట్టిన గుర్తును గౌరవానికి గుర్తుగా మార్చేశాం, గౌరవం అందరికీ సమానంగా పంచాలనుకున్నాం. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. నాట్యానికీ క్విజ్‌కీ ఉదారంగా ఉండండి, కావాలంటే నిలబడ్డ ప్రతి పిల్లకూ ఇవ్వండి. నీళ్లు, నిప్పు, ఎత్తు, వీటి దగ్గర మాత్రం దయ చూపించకండి.

వర్ష తర్వాత అమెరికాలో చదివింది. సెలవల్లో ఒకసారి వచ్చి కలిసింది. సొరోరిటీలో చేరావా అని అడిగాను. పిలిస్తే వెళ్లిందట. హైస్కూల్లో ఏం చేశావని ఎదురుగా కూర్చున్న అమ్మాయి నవ్వుతూ అడిగితే, లేచి వచ్చేసిందట.

ఇక చివరిది. హరితను ఇండియా పంపించే ముందురోజు ముహర్రక్‌లో వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లాను. ఇంటినిండా యార్డు మనుషులు. సత్యనారాయణగారు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వాళ్లమ్మ వెంకటలక్ష్మిగారితో నేను అంతకుముందు ఎప్పుడూ మాట్లాడింది లేదు. బడికి ఆయనే వచ్చేవాడు. ఆవిడ నన్ను చూసి పక్కకి జరిగి, చాప మీద చోటిచ్చింది.

"దానికి ఈత నేర్పింది మీరేనా అండీ?"

"నేనేనమ్మా."

"ఆడపిల్లల్నే విడిగా పెట్టి, నీళ్లలో దింపి నేర్పారని వాళ్ల నాన్నగారు చెప్పారండి."

ఆయనవైపు చూశాను. గోడవైపు కూర్చున్న మనిషి కదల్లేదు.

"మాది లంకండి. చుట్టూ గోదారే. వరదొచ్చిందంటే ఆడా మగా అందరూ ఈదాల్సిందే. మాయమ్మ నా నడుముకి చీరకొంగు కట్టి కాలవలో దింపి నేర్పిందండి, నాకు గట్టిగా ఆరేళ్లు కూడా లేవు. దీనికీ అలాగే నేర్పుదామని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. కిందటి వేసవి సెలవలకి ఊరెళ్లినప్పుడు రేవులోకి తీసికెళ్లానండి. చీర కూడా పట్టుకెళ్లాను." ఆవిడ గొంతు ఎక్కడా వణకలేదు. "నాకొచ్చేసిందమ్మా, బడిలో బ్యాడ్జీ కూడా ఇచ్చారు అందండి. అంత చదువుకున్న మేడంగారు నేర్పాక నేను కొత్తగా నేర్పేదేముందిలే అని, బట్టలుతుక్కుని ఇద్దరం ఇంటికొచ్చేశామండి."